పాత యాషికా కొనవచ్చా?

మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా కావాలనుకునేవాళ్లలో చాలామంది చూపు మొదట యాషికా మాట్ 124జీ మీదే పడుతుంది. 1970లో వచ్చి, 1986 దాకా తయారైన జపాన్ కెమెరా ఇది. ముందు రెండు లెన్సులు. పైదానిలోంచి మనం చూస్తాం, కిందిది ఫోటో తీస్తుంది. హాసెల్‌బ్లాడ్, రోలీఫ్లెక్స్ కెమెరాల ధర విని వెనక్కి తగ్గినవాళ్లకు ఇది కాస్త అందుబాటులో ఉంటుంది.

దీని గొప్పంతా నెగటివ్‌లో ఉంది. 120 ఫిల్మ్ మీద దాదాపు 56 మిల్లీమీటర్ల చదరం పడుతుంది. 35 ఎంఎం నెగటివ్‌ కంటే మూడున్నర రెట్లు పెద్దది. గోడకు వేలాడదీసేంత ప్రింటు వేయించినా చీర నేత, ముఖం మీది ముడతలు స్పష్టంగా నిలుస్తాయి. లోపల అద్దం ఎగిరిపడదు కాబట్టి సెకనులో 30వ వంతులో కూడా చేత్తో పట్టుకుని తీయవచ్చు. షట్టర్ లెన్సులోనే ఉండటంతో 500వ వంతు దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ల కింద నీడలు తీసేయడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా నడుం దగ్గర పట్టుకుని తల వంచి చూస్తాం. కూర్చున్న అవ్వకో, చిన్నపిల్లలకో ఎదురుగా కెమెరా గోడలా నిలబడదు.

ఇక రెండో వైపు. రీలుకు 12 ఫోటోలే. కెమెరా ధర ఒక్కసారి పెట్టేది, ఫిల్మ్, కడిగించడం, స్కానింగ్ ఖర్చు మాత్రం ప్రతి రీలుకూ తప్పదు. బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది కనుక పరుగెత్తే పిల్లాణ్ణి పట్టుకోవడం కష్టం. లెన్సు మార్చుకునే వీల్లేదు. కెమెరాలోని లైట్ మీటరేమో ఇప్పుడు దొరకని పాదరసం బ్యాటరీకి తయారైనది, మామూలు బ్యాటరీ వేస్తే కొలత తప్పుతుంది. దాన్ని పక్కనపెట్టి ఫోన్‌లో లైట్ మీటర్ వాడుకోవచ్చు, అది పెద్ద చిక్కు కాదు.

అసలు చిక్కు వయసుది. లోపలి నూనె గట్టిపడి నిదాన వేగాల్లో షట్టర్ ఆగిఆగి కదులుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బీరువాలో మగ్గిన లెన్సుకు ఫంగస్ పట్టి ఉండవచ్చు, టార్చి వేసి చూడందే తెలియదు. కెమెరా బాగున్నా, ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుక్కోవాలంటే రసాయనాలు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన వేసవిలో కుళాయి నీళ్లకు ఐసు తప్పదు.

పెళ్లిళ్లు, ఆటలు తీసేవాళ్లకు ఇది వద్దు. మనుషుల్ని కూర్చోబెట్టి, మాట్లాడి, ఓపిగ్గా తీసి ప్రింట్లు వేయించుకునేవాళ్లు నిస్సంకోచంగా కొనండి. కానీ చవగ్గా వస్తోందని పరీక్షించనిది కొనకండి. సర్వీసు చేసినదానికి ఎక్కువ ధర ఇవ్వడమే చివరికి తక్కువ ఖర్చు.