నిర్జనారణ్యమన్న అబద్ధం

ఇటీవల మా కళాశాల సాహిత్య సదస్సులో కెనడా పడమటి తీరపు అడవుల గురించీ, ఆ సముద్రం గురించీ నాలుగు మాటలు చెప్పబోయాను. మార్క్సిజం బాగా చదువుకున్న ఒక మిత్రుడు లేచి, "ఎలుగుబంట్ల మీద ప్రేమ తీరిక ఉన్న వర్గాల విలాసమండీ. ఆకలిగొన్నవాడికి కావలసింది అన్నం గాని అడవి కాదు" అన్నారు. చప్పట్లు మోగాయి. విద్యార్థులే ఎక్కువగా కొట్టారు. ఆ చప్పట్లకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

మిత్రుని మాటలో కొంత నిజం లేకపోలేదు. 1872లో అమెరికా పాలకులు ఎల్లోస్టోన్ పార్కు పెట్టారు. తరతరాలుగా అక్కడ వేటాడి బతికిన జాతులను వెలుపలికి నెట్టి, మనిషి అడుగు పడని ప్రకృతి ఇదేనని లోకానికి చూపారు. పులుల పేరు చెప్పి నల్లమల చెంచులను కదిలించాలని చూసేవారి బుద్ధి కూడా ఆ బడిలో దిద్దుకున్నదే. అడవిని వర్ణించబోయి అందులోని మనిషిని తుడిచిపెట్టే కవులు మనకూ తక్కువేమీ లేరు. ఇంతవరకు మిత్రునితో నాకు పేచీ లేదు. కాని ఆ అబద్ధాన్ని బద్దలు కొట్టినవారెవరో ఆయన చూడలేదు.

కెనడా పడమటి తీరంలో గ్రేట్ బేర్ వర్షారణ్యం ఉంది. 64 లక్షల హెక్టార్లు. దానిని నిర్జనమన్నారు. అక్కడి ముసలి సెడారు చెట్ల మీద బెరడు ఒలిచిన పాత మచ్చలున్నాయి. ఆ బెరడుతో జనం తాళ్ళు పేనారు, బుట్టలు అల్లారు, బట్టలు నేశారు. చెట్టును మాత్రం బతకనిచ్చారు. ఇదే తీరంలో దక్షిణంగా ఉన్న క్వాడ్రా దీవిలో రాళ్ళు పేర్చి గుల్లల పెంపకానికి మళ్ళు కట్టారు. వాటిలో కొన్నింటి వయస్సు 3,500 ఏళ్ళు. సముద్రంలో పెరిగిన సాల్మన్ చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది వస్తుంది. ఎలుగుబంటి దానిని పట్టి చెట్ల కిందికి ఈడ్చుకుపోయి, కొంత తిని వదిలేస్తుంది. మిగిలింది ఎరువు. సముద్రపు నత్రజని ఆ చెట్ల మానుల్లోనే కనబడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. అడవి ఒక శాఖకూ, చేప మరొక శాఖకూ పంచిపెట్టిన ప్రభుత్వాలకు ఇది ఎలా బోధపడుతుంది?

1985లో హైడా జాతివారు తమ దీవులలో ఒకటైన లయెల్ దీవిలో కలప కంపెనీ దారికి అడ్డం కూర్చున్నారు. 72 మందిని అరెస్టు చేశారు. వారిలో వృద్ధులూ ఉన్నారు. హైడాలలో కలప కోతలో పనిచేసి బతికినవారు కూడా ఉన్నారని మరవరాదు. అంటే కూలీ ఒక పక్కా, చెట్టు ఒక పక్కా నిలబడిన తగవు కాదది. ఈ అడవి మీద అధికారం ఎవరిదన్నదే తగవు. 1993లో కెనడా ప్రభుత్వం వారితో గ్వాయీ హానాస్ ఒప్పందం చేసుకుంది. ఆ పత్రం నాకు భలే నచ్చింది. భూమి మాదని హైడాల వాదం ఒక వరుసలో, మాదని ప్రభుత్వ వాదం పక్క వరుసలో అచ్చువేశారు. తగవు తీరకపోయినా పాలన ఉమ్మడిగా సాగుతుందన్నారు. 2010లో ఆ రక్షణ చుట్టూ ఉన్న సముద్రానికీ చేరింది. 2024లో ఆ దీవులన్నిటి మీదా హైడాల హక్కును బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఒప్పుకుంది.

ఇక అన్నం సంగతి. హైల్ట్‌సుక్ జాతివారు హెర్రింగ్ చేప సముద్రపు నాచు మీద పెట్టిన గుడ్లను నాచుతో సహా తీసుకుంటారు. చేప బతికిపోతుంది, మరుసటి ఏడు మళ్ళీ వస్తుంది. వ్యాపార పడవలు కడుపులోని గుడ్ల కోసం చేపనే చంపుతాయి. ఆ గుడ్లు అమ్ముకునే హక్కు తమకుందని హైల్ట్‌సుక్‌లు 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నెగ్గవలసి వచ్చింది. 2016లో వారి నీళ్ళలో ఒక టగ్గు మునిగి లక్ష లీటర్లకు పైగా డీజిలు కారింది. గుల్లలు ఏరుకునే చోటు మూతబడింది. ఇది ఎలుగుబంట్ల మీద ప్రేమా, పళ్ళెంలో కూడా?

2016 నాటి ఒప్పందంతో ఆ వర్షారణ్యంలో 85 శాతం గొడ్డలికి దూరమైంది. తక్కిన దానిలో కోత షరతులకు లోబడి సాగుతుంది. దీనికి ముందు, 2007లో పోగైన 12 కోట్ల డాలర్లలో సగం ధనికుల ధర్మసంస్థలు ఇచ్చినవే. మిత్రుడు ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు. పట్టుకోనివ్వండి. దాత చేయి ఎప్పుడు ముడుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు, నాకూ ఆ భయం ఉంది. కాని ఆ దాతలను బల్ల దగ్గరికి రప్పించింది లయెల్ దీవి దారికి అడ్డం కూర్చున్నవారు. తగవు వీరిది, కీర్తి వారిది!

ముడిచమురు పెద్ద ఓడలు ఆ పడమటి తీరపు ఉత్తర భాగంలోని రేవులకు రాకుండా 2019లో కెనడా చట్టం చేసింది. 2025 నవంబరులో అదే కెనడా ప్రభుత్వం ఆల్బర్టా రాష్ట్రంతో కొత్త పైపులైను గురించి ఒప్పందం రాసుకుంది. అవసరమైతే ఆ చట్టాన్ని సవరించే మాట అందులో ఉంది. తీరపు జాతులు ఒప్పుకోబోమని చెప్పాయి. మా మిత్రుడు వచ్చే సదస్సుకు కూడా వస్తారు. ఈ తగవులో ఆయన ఎవరి పక్కన కూర్చుంటారని అక్కడే, ఆ విద్యార్థుల ఎదుటే అడగదలచాను.