నర్సింగ్‌ సీటా? ముందు వార్డు చూడండి

ఇంటర్‌ బైపీసీ అయిన అమ్మాయినో అబ్బాయినో నర్సింగ్‌లో చేర్చాలనుకుంటున్నారా? ఫీజు ఎంతని అడిగే ముందు క్లినికల్‌ శిక్షణ ఏ ఆసుపత్రిలో ఇస్తారో అడగండి. భారత నర్సింగ్‌ మండలి లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి. కొందరు భవనం చూపిస్తారు, బస్సు చూపిస్తారు. వార్డు చూపించమంటే మాత్రం మాట మారుస్తారు. సూది వేయడం బొమ్మ మీద ఎన్నాళ్లు నేర్చుకుంటారు?

నేర్చుకోవడానికి మన దగ్గర రోగులకు కొదవ లేదు. ఆదిలాబాద్‌లో రిమ్స్‌ 2008లో, కరీంనగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలయ్యాయి. పుస్తకంలో ఒక పాఠంగా చదివే సికిల్‌సెల్‌ జబ్బు ఆదిలాబాద్‌ ఏజెన్సీలో కళ్లెదుటే ఉంటుంది. వానాకాలం జ్వరాలు సరేసరి.

బీఎస్సీ నాలుగేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు. ఏడాది కలిసొస్తుందని జీఎన్‌ఎంలో చేర్చి, తర్వాత డిగ్రీ కావాలంటే మరో రెండేళ్లు పోస్ట్‌ బేసిక్‌ చదవాలి. మొత్తం ఐదేళ్లు!

గల్ఫ్‌ దారి తెలిసిన కరీంనగర్‌ ఇళ్లలో ఇప్పుడు జర్మనీ, జపాన్‌ మాట వినిపిస్తోంది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ నర్సులకు ఆ భాషలు నేర్పిస్తోంది. ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చేలోపు ఒకసారి అక్కడ కనుక్కోండి.