మా యింటి ముచ్చట్లు: అద్దెపాటా, సొంతపాటా?

భోగికి ముందు ఆదివారం మా యింట్లో ఏటా ఒక చిన్న యుద్ధం జరుగుతుంది. పాతవన్నీ పారవేయవలెనని మా యింటావిడ వాదం. పారవేయదగినంత పాతది మన యింట్లో ఏదీ లేదని మా వాదం. ఈ యేడు తగవంతా అటకమీది రేకుపెట్టె గురించి వచ్చింది. అందులో 72 క్యాసెట్లు, 30 సీడీలు, మా నాయన కొన్న గ్రామఫోను రికార్డులు 11 ఉన్నవి. వీటిని పాడించే యంత్రాలలో ఇప్పటికి మిగిలినది ఒక్క టేపు రికార్డరు. అదీ మూతను వ్రేలితో నొక్కిపట్టుకొంటేనే పాడుతుంది.

“ఏమండీ, పాత పేపర్ల అంగడివాడికి వేసేద్దాం. వాడైనా తీసుకొంటాడో లేదో!” అన్నది ఇంటావిడ.

కాలేజీలో చదివే మా అమ్మాయి అంతకన్న సున్నితంగా అడిగింది. “నైనా, ఇందులో ఉన్న పాటలన్నీ ఫోనులో ఉన్నాయి కదా. ఇంక పెట్టె ఎందుకు?”

మేము గుమాస్తాలము. రెండు పక్షాల కాగితాలు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. అమ్మాయి ప్రశ్న న్యాయమైనదే గనుక, ఆ మధ్యాహ్నమే పెన్సిలు కాగితమూ పట్టుకొని ఇద్దరం పెట్టెముందు కూర్చున్నాము. మేము క్యాసెట్టుమీది పేరు చదవడం, అమ్మాయి ఫోనులో వెదకడం.

రెండు గంటలలో లెక్క తేలింది. 72 క్యాసెట్లలో 63 క్యాసెట్ల పాటలు ఫోనులో ఉన్నవి. ఉండటమే కాదు, మా టేపుకన్న శుభ్రంగా, గరగర లేకుండా ఉన్నవి. మా పక్షం అప్పటికే సగం ఓడిపోయింది.

ఆలోచించి చూస్తే పాటను అద్దెకు వినడం కొత్త సంగతి కాదు. 78 చుట్ల రికార్డుకు ఒక్కొక్క ప్రక్కన మూడు నిమిషాల చిల్లర పాట పట్టేది. దానిని కొనగలవారు కొందరే. తక్కినవారంతా రేడియోమీద బ్రతికినవారు. మద్రాసు రేడియో 1938లోను, విజయవాడ రేడియో 1948లోను మొదలైనవి. వివిధభారతి 1957లో వచ్చింది. సిలోను రేడియోవారు తెలుగుపాటలు వేసే వేళకు మా పెద్దవాళ్లు చేతిలో పని ప్రక్కన పెట్టేవారట. వారెవరూ ఒక్క పాటకైనా యజమానులు కారు. అయినా పాటలన్నీ వారికి కంఠతా వచ్చును. ఇప్పటి స్ట్రీమింగు ఆ రేడియోకు మనుమడే. తాత తనకు తోచినది పాడేవాడు, మనుమడు మనం కోరినది పాడుతాడు. అంతవరకు మనుమడే మేలు.

ఇక రెండవ పక్షం కాగితాలు. నెలకు 120 రూపాయల చందా అనుకొంటే పదేళ్లకు 14,400 రూపాయలు. పదకొండవ యేట చందా మానుకొన్నామా, చేతిలో మిగిలేది సున్న. “డౌన్‌లోడు చేసి పెట్టుకొన్నాం గదా” అంటారు పిల్లలు. అట్లా దిగిన పాటకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి కంపెనీవారి దగ్గర ఉంటుంది. చందా ఆగితే పాట పలుకదు.

కంపెనీలయినా శాశ్వతమా? గూగుల్‌వారు తమ ప్లే మ్యూజిక్‌ను 2020లో మూసివేసి, వినేవారిని యూట్యూబ్ మ్యూజిక్‌కు పంపించారు. ఎయిర్‌టెల్‌వారి వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. 2023లో జీ మ్యూజిక్‌వారికీ స్పాటిఫైవారికీ ఒప్పందం కుదరక, ఆ పాటలు కొంతకాలం స్పాటిఫైలో కనిపించకుండా పోయినవి. ఇందులో మోసమేమీ లేదు. అద్దె యింటి ధర్మమే అంత. ఇల్లుగలాయన ఖాళీ చేయమంటే పెట్టెలు సర్దుకోవలసినదే.

మరొక చిక్కు కూడ ఆ రోజే తెలిసింది. మల్లీశ్వరి పాటలు కావాలని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టితే, 1951 నాటి భానుమతిగారి మల్లీశ్వరికి బదులు 2004 నాటి వెంకటేశ్‌గారి చిత్రం ముందు వచ్చింది. పాతది దొరికిన తరువాత అందులో పాట వ్రాసినవారి పేరుకోసం వెదికితే కనిపించలేదు. ఆ పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివని మా అమ్మాయికి మేము చెప్పవలసివచ్చింది. మేము తెలిసికొన్నది సినిమాహాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంవల్ల. మా నాయన దానిని రికార్డులతోపాటు భద్రపరచినారు. పాట వినిపించడం ఒకటి, పాట సంగతి చెప్పడం ఒకటి.

అట్లాగని పెట్టెలో దాచినంతమాత్రాన క్షేమమని చెప్పలేము. 2015 డిసెంబరు వరదలో సైదాపేటలోని మా మేనత్తగారి యింట్లోకి నడుములోతు నీరు వచ్చింది. మంచంక్రింది క్యాసెట్లన్నీ బురద పట్టిపోయినవి. అందులోని సినిమా పాటలన్నీ మరునెలకు ఆమెకు ఫోనులో దొరికినవి. ఆమె భర్త పాడిన భజన మాత్రం మరి దొరకలేదు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. “ఇల్లు కడుక్కొన్నాం, బీరువా కొనుక్కొన్నాం, అది మాత్రం ఎక్కడ కొనేదిరా?” అని ఇప్పటికీ అంటుంది.

ఈ మాట మనసులో పెట్టుకొని, ఫోనుకు అందని తొమ్మిది క్యాసెట్లను వేరుగా తీసినాము. అయిదు నాటక పద్యాలు, హరికథలు. మూడు మా యింటి పెళ్లిళ్లు. తొమ్మిదవదానికి పేరు లేదు. దాని వీపున ఉండే చిన్న చిల్లులమీద కాగితం అంటించి ఉన్నది. ఈ తరంవారికి దాని అర్థం తెలియదు. కంపెనీవారి క్యాసెట్టులో పొరపాటున మరొకటి రికార్డు కాకుండా అక్కడి బిళ్ల తీసివేసి అమ్మేవారు. ఆ చిల్లు మూసితే మళ్లీ రికార్డు చేయవచ్చును. అంటే మా నాయన ఎవరిదో పాట చెరిపి, మరేదో పట్టినారన్నమాట.

మూత నొక్కిపట్టుకొని వేసినాము. మొదట మా నాయన గొంతు: “ఎనభై ఎనిమిది, ఉగాది. ఊఁ, పాడమ్మా.” తరువాత మా అవ్వ పాట. తలంటుపాట ఒకటి, మంగళహారతి ఒకటి, మమ్మల్ని నిద్రపుచ్చిన జోలపాట ఒకటి. మాకప్పుడు ఎనిమిదేళ్లు. మూడు పాటలు కాగానే అవ్వ, “ఇంక చాలురా అబ్బయ్యా, గొంతు ఎండిపోతా ఉండాది” అన్నది. టక్కున బొత్తాము చప్పుడు. ఆ వెంటనే చెరగక మిగిలిన సినిమా పాట నడి చరణంనుండి అందుకొన్నది.

అమ్మాయి తాను పుట్టకముందే పోయిన ముత్తవ్వ గొంతు విని ఊరకున్నది. కొంతసేపటికి, “ఉండాది అన్నది కదా నైనా? ఇంకోసారి వేయి” అన్నది.

ఆ మాట వెనుక కథ మాకు అప్పుడు తెలిసింది. కాలేజీలో ఆంధ్రనుండి వచ్చిన స్నేహితురాండ్రు మా పిల్ల తెలుగు విని నవ్వుతారట. “ఉండాది ఏమిటి, అరవతెలుగు” అంటారట. ఏడాదిగా అది వారితో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నది. ఇంట్లో మేమెవరమూ ఎరుగము. “మనం తప్పుగా మాట్లాడుతున్నాం అనుకొన్నాను. అవ్వకూడా ఇట్లానే అనేదా?” అని అడిగింది. అవ్వే కాదు, అవ్వ అవ్వకూడా అట్లాగే అనేదని చెప్పినాము.

పాఠకులారా, మన పిల్లలకు తెలుగు చెవినుండి రావలసినదే. తమిళనాట 2006 చట్టం తరువాత బడిలో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే. మేమూ అది చదివే ఉద్యోగం చేస్తున్నాము. కాని తెలుగు చదువు సన్నగిల్లిన ఇళ్లలో విన్న మాటే భాష. సినిమా పాట చక్కని తెలుగు నేర్పుతుంది. మన యింటి తెలుగు నేర్పేది మన యింటివారి గొంతే. దానిని ఏ కంపెనీవారూ అద్దెకివ్వరు.

కాబట్టి మా తీర్పు ఇది. లోకానికంతటికీ దొరికే పాటను అద్దెకే విందాము, చోటు కలిసివస్తుంది. పోతే మళ్లీ దొరకనిదానిని మాత్రం సొంతం చేసికొందాము. సొంతం అంటే పెట్టెలో పెట్టి మరచిపోవడం కాదు. టేపు తేమకు బూజు పడుతుంది, సాగుతుంది, తెగుతుంది. టేపు రికార్డరు చెవిగొట్టం రంధ్రంనుండి కంప్యూటరుకు ఒక తీగ కలిపి, అడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరుతో మా అమ్మాయి రెండు వారాలలో తొమ్మిదింటినీ ఎక్కించింది. గంట క్యాసెట్టు సీడీ నాణ్యతతో సుమారు 600 ఎంబీ అయింది. అన్నీ కలిపి 16 జీబీ పెన్‌డ్రైవులో సగంకూడ నిండలేదు. పెన్‌డ్రైవూ చిరంజీవి కాదు గనుక మూడు ప్రతులు చేసినాము. ఒకటి మా యింట, ఒకటి బెంగుళూరులో తమ్ముడి యింట, ఒకటి ఇంటర్నెట్టులో. వరద మూడిళ్లకూ ఒకేసారి రాదు గదా. ఎవరు పాడినారు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరం ప్రతిదానికీ వ్రాసి పెట్టినాము. గొంతు ఎవరిదో చెప్పగలవారు ఉన్నప్పుడే ఈ పని చేయవలె. మీ యింట్లో పెద్దవారుంటే ఫోనుతోనే ఈ వారం నాలుగు పాటలు పట్టండి. చిల్లుకు కాగితం అంటించే పనికూడా లేదు.

భోగినాటికి పెట్టె దిగింది. 63 క్యాసెట్లు పాత సామాన్ల అంగడికి పోయినవి. ప్లాస్టిక్కును మంటలో వేయడం మంచిది కాదని ఇంటావిడే అన్నది. రికార్డులకు, సీడీలకు బీరువాలో ఒక అర దొరికింది, సంధి షరతులలో అదొకటి.

తొమ్మిదవ క్యాసెట్టుకు పేరు చీటీ అమ్మాయే వ్రాస్తానన్నది. తెలుగక్షరాలు దానికి బాగా రావు. “అవ్వ పాటలు, 1988” అని వ్రాయడానికి పది నిమిషాలు పట్టింది. వ వత్తు ఎక్కడ పెట్టవలెనో మాత్రం మేము చెప్పినాము.