పక్షములు, పత్రికలు, ఉమ్మడి సొత్తు

2024 డిసెంబరు 9వ తేదీన ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి హైదరాబాదు సచివాలయ ప్రాంగణమున తెలంగాణ తల్లి నూతన విగ్రహమును ఆవిష్కరించిరి. నాటినుండి తెలంగాణమునకు తల్లులు ఇద్దరైరి. ఉద్యమకాలమున ఊరూర వెలసిన తల్లికి శిరమున కిరీటమును, ఒక చేత బతుకమ్మయు కలవు. సచివాలయమున నిలిచిన తల్లికి కిరీటము లేదు, బతుకమ్మ లేదు. ఆకుపచ్చని చీర కట్టి, పంటకంకులు చేబూని, సామాన్య గృహిణివలె నిలిచియున్నది. మొక్కజొన్న కంకి మాత్రము ఉభయులకును కలదు. కలహించువారికి అది కంటబడలేదు.

ఇందు ఏ రూపము సమంజసమో నిర్ణయించుట మా ఉద్దేశము కాదు. కాపు ఇల్లాలిని తల్లిగా భావించుటలో ఔచిత్యము లేకపోలేదు. బతుకమ్మను తొలగించుటవలన పెక్కుమంది మనస్సు నొచ్చినదనుటలోను సత్యము లేకపోలేదు. ఆలోచింపవలసినది వేరొకటి. ఒక గృహస్థు ఈ ఇరువురిలో ఎవరికి నమస్కరించునో తెలిసికొనుటకు అతనిని అడుగ నక్కరలేదు. తెల్లవారగానే అతని అరుగుమీద పడు పత్రిక ఏదియో, రాత్రి భోజనవేళ అతని ఇంట మ్రోగు టీవీ ఛానెలు ఏదియో చూచిన చాలును. తల్లి రూపమును శిల్పి మలచెను, ఆమె యెడల మన భావమును పక్షములును పక్షపత్రికలును మలచినవి.

విగ్రహముతోనే ఇది ఆగలేదు. “జయ జయహే తెలంగాణ” గీతమును రచించిన అందెశ్రీ జనగామ ప్రాంతపు రేబర్తి గ్రామమున జన్మించినవాడు. బడిలో చదివి పండితుడైనవాడు కాడు. పశువులను కాచి, తాపీపని చేసి, జనుల మధ్య పాట నేర్చినవాడు. ఉద్యమకాలమున ఆయన పాటను అన్ని పక్షముల వారును పాడిరి. రాష్ట్రము ఏర్పడిన పిదప పదేండ్లు ఆ పాటకు అధికార గౌరవము దక్కలేదు. 2024 జూన్ 2వ తేదీన దక్కినది. దక్కునప్పుడే దానికి స్వరములు కూర్చిన కీరవాణి ఆంధ్రుడను కలహము రేగినది. అందరిదైన పాట ఆ కొలది దినములలో ఒక పక్షమునకు సాధించిన ఘనతయు, మరియొక పక్షమునకు జరిగిన అపచారమును అయ్యెను. 2025 నవంబరు 10వ తేదీన కవి గతించెను.

అదే 2024 మే నెలలో రాష్ట్ర చిహ్నమునుండి కాకతీయ కళాతోరణమును, చార్మినారును తొలగింతురను వార్త పుట్టినది. రాచరికపు గురుతులు ప్రజారాజ్యమునకు తగవని ఒక వాదము. తెలంగాణపు ఆత్మగౌరవమునే చెరపుచున్నారని ఒక వాదము. ప్రతిపక్షము చార్మినారు ఎదుట ఆందోళన చేసినది, ప్రభుత్వము నిర్ణయమును వాయిదా వేసినది. ఈ ప్రాంతమున ఘనపురములు రెండు కలవు. ఒకటి కాజీపేట నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గమున గల స్టేషన్ ఘనపూర్. రెండవది ములుగునకు ఆవల, భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము. ఈ రెండవ ఘనపురమున 13వ శతాబ్దమునాటి కోటగుళ్ళు కలవు. నడుమ గణపేశ్వరాలయము, చుట్టును చిన్నగుళ్ళు. అందు కొన్ని కూలినవి, కొన్ని ఒరిగినవి. ఆ రాళ్ళు ఏ పక్షమువని అచటి పశులకాపరియు అడిగియుండడు. కాకతీయుల తోరణము మాది, మాది అని పత్రికలలో వాదించినవారు ఆ కూలిన గుళ్ళకొరకు వ్రాసిన వ్రాతలను గణించినచో లెక్కకు వ్రేళ్ళు చాలును.

పత్రిక ఒక రాజకీయాభిప్రాయమును కలిగియుండుట దోషమని మేము చెప్పము. అభిప్రాయము లేని పత్రిక ధరల పట్టికతో సమానము. 1974లో విశాఖపట్టణమున పుట్టిన ఈనాడు, 1982 మార్చిలో శ్రీ నందమూరి తారకరామారావు తెలుగుదేశమును స్థాపింపగా ఆ పక్షమునకు అండగా నిలిచెను; 1983 జనవరిలో ఆ పక్షము అధికారమునకు వచ్చెను. నాటినుండి రాజకీయ నాయకులు ఒక పాఠము నేర్చిరి: పత్రికను మెప్పించుటకంటె పత్రికను పెట్టుకొనుట మేలు అని. 2008లో సాక్షి వచ్చెను, 2011లో నమస్తే తెలంగాణ వచ్చెను; వాని వెనుక ఛానెళ్ళు వచ్చెను. నేడు తెలుగునాట పత్రిక పేరు చెప్పిన పక్షము తెలియును. ఏ ప్రభుత్వము వచ్చినను తన పత్రికకు ప్రకటనల సొమ్ము ధారపోసినదను ఆరోపణ రెండు రాష్ట్రములలోను తప్పలేదు.

వార్తలయందు జరుగు పక్షపాతమునకు విరుగుడు కొంత కలదు. దేవాదుల ఎత్తిపోతలవలన నీరందవలసిన జలాశయము స్టేషన్ ఘనపూర్‌లోనే కలదు. అది నిండినదని ఒక పత్రికయు, ఎండినదని మరొక పత్రికయు వ్రాసిన, రైతు కండువా దులుపుకొని గట్టుమీదికి పోయి చూచుకొనగలడు. కాలువ తన మడికి వచ్చెనో లేదో అతనికి చెప్పుటకు సంపాదకుడు అక్కరలేదు. వడ్ల కొనుగోలు, ఎరువుల కొరత, కరెంటు కోత, ఇవన్నియు అట్టివే. అబద్ధము అక్కడ అట్టేకాలము నిలువదు.

పాటకు, పండుగకు, తల్లి రూపమునకు అట్టి గట్టు లేదు. వానిని పోయి కొలిచి వచ్చుటకు కుంట కాదు, కుంచము కాదు. పదిమందియు తమదని అనుకొన్నంతవరకే అవి ఉన్నట్లు. అందు ఐదుగురు తమది కాదనుకొన్ననాడు అవి సగము పోయినట్లే, తిరిగి తెచ్చు ఉపాయము ఏ కచేరిలోను లేదు. కావుననే పక్షపత్రికలు రాజకీయమునకు చేయు చెరుపుకంటె సంస్కృతికి చేయు చెరుపు పెద్దది. ఎన్నికలలో ఓడిన పక్షము ఐదేండ్లకు తిరిగి గెలువవచ్చును. ఒక తరము బాలికలు బతుకమ్మను పక్షపు గురుతుగా ఎరిగి పెరిగినచో, దానిని మరల పూలపండుగగా చేయుటకు ఏ ఎన్నికయు చాలదు.

ఇంతటి కలహమునకు నాయకులైనను కట్టుబడి యున్నారా యని చూచిన, స్టేషన్ ఘనపూర్ నియోజకవర్గపు చరిత్రయే సమాధానము చెప్పును. 2009 ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున డాక్టర్ తాటికొండ రాజయ్యయు, తెలుగుదేశము పక్షమున శ్రీ కడియం శ్రీహరియు పోటీపడగా రాజయ్యగారు గెలిచిరి. 2012 ఉపఎన్నికలో మరల వారిరువురే. రాజయ్యగారు ఈమారు తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి. 2013లో శ్రీహరిగారును ఆ సమితిలోనే చేరిరి. 2014లో రాజయ్యగారు ఉపముఖ్యమంత్రియైరి. 2015 జనవరిలో వారిని తొలగించి ఆ పదవిని శ్రీహరిగారికి ఇచ్చిరి. 2023లో సమితి టిక్కెట్టు శ్రీహరిగారికి దక్కినది. వారు గెలిచి 2024 మార్చిలో కాంగ్రెసులో చేరిరి. వారి కుమార్తె డాక్టర్ కావ్య ఆ పక్షముననే వరంగల్లునుండి లోకసభకు ఎన్నికైరి. రాజయ్యగారు కొంతకాలము సమితిని వీడి, తిరిగి సమితికే వచ్చిరి.

వారిని నిందించుటకు ఇది వ్రాయలేదు. పక్షము మారుటకు ఎవరి కారణములు వారికుండును, న్యాయస్థానములలో జరుగవలసిన విచారణ అక్కడ జరుగును. మేము చెప్పునది వారి వెంట నడచిన గ్రామస్థులను గూర్చి. నాయకుడు గట్టు దాటినంత సులభముగా గ్రామస్థుడు దాటలేడు. నాయకుని కొరకు అతడు పొరుగువానితో ఆడిన మాట ఊరిలో నిలిచియుండును. పెండ్లికి పిలువక మానిన బంధువు మానినట్లే యుండును. నాయకుడు ఆవలి ఒడ్డున పూలమాల వేయించుకొనుచుండగా, ఇతడు ఈవలి ఒడ్డున నిన్నటి పత్రిక చేతబట్టుకొని నిలిచియుండును. గ్రామపంచాయతీ ఎన్నికలు పక్షముల గురుతులు లేకుండ జరుగవలెనని చట్టమే విధించినది. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఆ ఎన్నికలు జరిగినవి. ఐనను ఫలితములు వెలువడినంతనే, సర్పంచులలో మావారు ఇందరు, మీవారు ఇందరు అని లెక్కలు వేయని పత్రిక ఏది?

పూర్వము పక్షములు లేవని, అందరును ఒక్కమాటమీద నిలిచిరని చెప్పుట చరిత్రను మరచుట. 1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ రెండుగా చీలెను. ఆ చీలికయందలి ద్వేషము చిన్నది కాదు. కాని నాటి పత్రికల పని వేరుగా నుండెను. 1922లో మానుకోట సమీపమున ఇనుగుర్తి అను పల్లెనుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. పట్టణము కాదు, జిల్లా కేంద్రము కాదు, ఒక పల్లె. వ్రాసినవారు వారే, అచ్చొత్తినవారు వారే. తెలుగు చదువులకు ఆదరణ లేని నిజాం రాజ్యమున తెలుగువారు కలరని తెలుగువారికే తెలుపుట ఆ పత్రిక చేసిన పని.

1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలువడిన గోలకొండ పత్రిక చేసినది ఇంకను స్మరింపదగినది. తెలంగాణమున కవులే లేరని ఒక పండితుడు వ్రాసెను. అది అవమానము. ప్రతాపరెడ్డిగారు ఆ పండితుని తిట్టలేదు. 1934లో 354 మంది తెలంగాణ కవుల కవితలతో గోలకొండ కవుల సంచికను అచ్చువేసిరి. అవమానమునకు పుస్తకము సమాధానమయ్యెను, ఆ పుస్తకము అందరికిని సొత్తయ్యెను.

ఎనుబది యేండ్లకు అట్టి అవమానమే మరల కలిగినది. 2014లో నూతన శాసనసభ్యుల ప్రమాణ స్వీకారమును ఒక ఛానెలు ఎగతాళి చేసెను. ఎగతాళి నీచముగా నుండెననుటలో మాకు సందేహము లేదు. కాని ఈమారు వచ్చిన సమాధానమేమి? జూన్ నెలలో కేబుల్ నిర్వాహకులు రెండు ఛానెళ్ళ ప్రసారమును తెలంగాణమున నిలిపివేసిరి. సెప్టెంబరు 9న, ప్రజాకవి కాళోజీ శతజయంతి నాడు, ఆయన నివసించిన వరంగల్లులోనే, తెలంగాణమును అవమానించు ఛానెళ్ళను భూమిలో పాతిపెట్టుదుమని నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావు హెచ్చరించిరి. కాళోజీ జీవితమంతయు ప్రభువులను ధిక్కరించినవాడు. ఆయన పండుగనాడు ఆ మాట వినవలసివచ్చెను.

ఈ విషయమున ఏ ప్రభుత్వమునకును మేము మినహాయింపు ఇయ్యలేము. ఉమ్మడి రాష్ట్రమున 2007లో 938వ సంఖ్యగల ఉత్తరువును, ఆంధ్రప్రదేశమున 2019లో 2430వ సంఖ్యగల ఉత్తరువును, వ్రాసినవారిపై వ్యాజ్యములు నడుపుటకు ప్రభుత్వములు పుట్టించినవే. 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని దూషించిన మాటలను ప్రసారము చేసినందుకు ఇద్దరు మహిళా పాత్రికేయులను తెలంగాణ పోలీసులు నిర్బంధించిరి. ఆశ్చర్యమేమనగా, ప్రతి సందర్భమునను పత్రికలలో సగము స్వాతంత్ర్యమునకు హాని అని వ్రాసెను, తక్కిన సగము తగిన శాస్తి అని వ్రాసెను. అధికారము మారగానే ఆ సగములును తమ మాటలను మార్చుకొనెను.

ఇదే మానుకోట ప్రాంతమున జన్మించిన షోయబుల్లాఖాన్‌ను ఇక్కడ తలపక తప్పదు. ఆయన ముసల్మాను, ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌కు సంపాదకుడు. పుట్టుకనుబట్టియు, భాషనుబట్టియు ఆయన ఏ పక్షమున నుండునో లోకము ముందే నిర్ణయించుకొన్నది. ఆయన రజాకార్ల దౌర్జన్యమును ఖండించి, హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసెను. 1948 ఆగష్టు 21వ తేదీ రాత్రి హైదరాబాదు వీధిలో ఆయనను కాల్చి, చేయి నరికిరి, తెల్లవారునప్పటికి మరణించెను. ఆయన వ్రాతలు ఎవరికి ప్రియమో ఆయన చూచుకొనలేదు. తన పత్రిక చదువరులకే అప్రియమైన మాటను వారానికి ఒక్కటైనను అచ్చువేయు పత్రిక నేడు ఎన్ని కలవో చదువరులే చెప్పవలెను.

పత్రికాధిపతులు తమంతట మారుదురని మేము ఆశింపము. వారికి లాభము ఈ కలహమునందే కలదు. సెల్‌ఫోనులోని కాపట్యము మరియొక మెట్టు పైది; ఎవడు ఏది మెచ్చునో అదియే అతనికి మరల మరల చూపుచుండును, కావున పొరుగువాని వాదము అతని చెవిని పడదు. ఇక చేయగలవారు చదువరులే.

1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయమును స్థాపించిన పెద్దలు దీనికి దారి వేసియే పోయిరి. నేడును గ్రామమున ఇంటిపన్ను కట్టు ప్రతివాడును రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కట్టుచున్నాడు. ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయని స్థానిక సంస్థలు పెక్కు కలవు. దానిని రాబట్టి, ప్రతి పెద్ద గ్రామమునను ఒక చదువుగదిలో, ఒకే బల్లమీద, పరస్పరము పోరాడు నాలుగు పత్రికలను ఉంచవలెను. ఇంట ఒక పత్రికయే చదువువాడు అక్కడ రెండవదానిని తిరగవేయును, తిట్టుకొనుచునైనను తిరగవేయును. వాదము ఫోనులోగాక ఎదుటివాని ముఖము చూచుచు జరుగును, ముఖము చూచి ఆడు మాటకు కొంత మర్యాద తప్పదు. రెండు ఘనపురముల పరిసర గ్రామములలో 2025 డిసెంబరున ఎన్నికైన సర్పంచులు తమ మొదటి సంవత్సరపు లెక్కలలోనే ఈ సెస్సు బకాయి ఎంతయో తేల్చి, గ్రామసభలో చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.