బాలుర చేతికి బండి తాళము

మోటారు బండి నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెనను నిబంధన నిన్న మొన్న పుట్టినది కాదు. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోనే అది కలదు. దాని స్థానమున వచ్చిన 1988 చట్టములో నాలుగవ సెక్షను అదే వయస్సును నిలిపినది. అయినను సాయంకాలము బడి విడుచు వేళ మన యెదుటి వీథిలో నిలుచుండి చూచువారెవ్వరును ఇట్టి నిబంధన యొకటి యున్నదని నమ్మజాలరు. తొమ్మిదవ తరగతి బాలుడు ముందు, వాని తమ్ముడు నడుమ, పొరుగింటి పిల్లవాడు వెనుక, మువ్వురును ఒక్క స్కూటరుపై హెల్మెట్టు లేకయే పోవుచుందురు. ప్రాంగణములోనికి బండ్లు తేరాదని పాఠశాలవారు నియమించియున్నారు గనుక అవి యెదుటి అంగళ్ళ ప్రక్కన నిలుచుచున్నవి. నియమము గేటు లోపల మాత్రమే చెల్లుచున్నది.

ఈ విషయమున బాలురను నిందించుట సులభము. కాని పదునాలుగేండ్ల బాలుడు స్కూటరు కొనలేడు. కొన్నవారు పెద్దలు, తాళమిచ్చువారు పెద్దలు, పెట్రోలునకు డబ్బిచ్చువారును పెద్దలే. కావున మేమీ నాలుగు మాటలను ముఖ్యముగా తలిదండ్రుల నుద్దేశించి వ్రాయుచున్నాము.

చట్టమును ఇప్పుడు అట్లే తలచుచున్నది. 2019వ సంవత్సరమున జరిగిన సవరణలో 199-ఎ అను క్రొత్త సెక్షను చేరినది. దాని ప్రకారము మైనరు బాలుడు మోటారు చట్టమునకు విరుద్ధముగా నేరము చేసినయెడల, వాని సంరక్షకుడుగాని బండి యజమానుడుగాని అపరాధిగా నెంచబడును. శిక్ష మూడేండ్లవరకు ఖైదు, ఇరువదియైదువేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. “నాకు తెలియకుండ తీసికొనిపోయినాడు” అని తండ్రి చెప్పుకొనవచ్చును గాని, ఆ సంగతిని ఆయనయే రుజువు పరచుకొనవలెను. అంతవరకు ఆయన సమ్మతితోనే బాలుడు బండి నడిపెనని న్యాయస్థానము భావించును. కూడలిలో పోలీసువారు పట్టుకొన్న, నాలుగైదు వందలు కట్టి వచ్చెదమని తలచు తండ్రులు మన యూరిలో పెక్కుమంది యున్నారు. వారీ సెక్షను నొక్కమారు చదివించుకొని వినవలెనని మా మనవి.

ఆ సెక్షనులోనే మరియొక మాట కలదు. అట్లు పట్టుబడిన బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లెర్నర్సు లైసెన్సుగాని పూర్తి లైసెన్సుగాని ఇయ్యబడదు. కలవారి యింటి బిడ్డకు ఇది కొంత చిన్నతనము మాత్రమే కావచ్చును. కాని మన విద్యార్థులలో ఆటోలు, లారీలు, ట్రాక్టర్లు నడుపువారి బిడ్డలు ఎందరో కలరు. బాడుగ బండ్లు నడుపుటకు మామూలుగనే ఇరువదియేండ్లు నిండవలెను. తండ్రి స్టీరింగు పట్టలేని దినము వచ్చినపుడు పెద్దకుమారుడు దానిని పట్టి కుటుంబమును నిలుపవలసిన యిండ్లవి. అట్టి యింట పదునైదవ యేట చేసిన యొక సరదా వలన, ఇరువదియవ యేట చేతికి రావలసిన జీవనోపాధి మరి అయిదేండ్లు వెనుకకు పోవును. మా యభిప్రాయమున ఇది చాల కఠినమైన శిక్ష, బీదలకు మరింత కఠినము. చట్టకర్తలు దీనిని మరల యోచింపదగును. యోచించు లోపల మన బిడ్డలు దాని పాలు పడకుండ చూచుకొనవలసినవారము మనమే గదా.

తలిదండ్రులు చెప్పు కారణములను మేము వినకపోలేదు. “మా పల్లెకు బస్సు సకాలమునకు రాదు” అందురు. “తెల్లవారు అయిదు గంటలకు ట్యూషను, ఎట్లు పంపుదుము?” అందురు. ఈ రెండును నిజమైన కష్టములే. కాని “మావాడు నాకంటె బాగుగ నడుపును” అను మూడవ మాటను మాత్రము మేమంగీకరింపలేము. చేతి నేర్పు రెండు దినములలో వచ్చును. బాలురకు అది మనకంటె త్వరగా వచ్చును కూడ. రానిది ఊహ. సందులోనుండి గేదె యడ్డము వచ్చునేమో, దీపములు లేని ట్రాక్టరు ట్రక్కు ముందు నిలిచియున్నదేమో, ఆగియున్న బస్సు మాటునుండి ముసలమ్మ రోడ్డు దాటునేమో అను జంకు ఏండ్లమీద గాని కలుగదు. వెనుక స్నేహితుడు కూర్చుండి “ఇంకను వేగము” అనుచుండగా ఉన్న జంకును పోవును.

లెక్క చూడుడు. గంటకు నలుబది కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు పదునొకండు మీటర్లు పోవును. అరువది కిలోమీటర్లయిన దాదాపు పదునేడు మీటర్లు. అడ్డము వచ్చినదానిని చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక్క సెకను పట్టిన, ఆ పదునేడు మీటర్లును బ్రేకు లేకయే గడచిపోయినవి. అటుపిమ్మట బండి యాగుటకు పట్టు దూరము వేగము రెట్టింపైన నాలుగింతలగును. ఈ సూత్రమును మా పిల్లలు పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. ఆ సాయంకాలమే స్కూటరెక్కుచున్నారు.

చట్టమునందును ఒక లోపము కలదని చెప్పక తప్పదు. పదునారేండ్లు నిండినవారు, 50 సీసీకి మించని ఇంజను గల మోటారు సైకిలును లైసెన్సుతో నడుపవచ్చునని 1988 చట్టము సెలవిచ్చినది. గేరులేని అట్టి బండికి లెర్నర్సు లైసెన్సు కావలెనన్న సంరక్షకుని వ్రాతపూర్వకమైన సమ్మతి యుండవలెను. ఆనాడు అది తగిన యేర్పాటే. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 ఊరూర తిరుగుచుండిన కాలమది. నేడు వీథిలో కనబడు స్కూటర్లన్నియు నించుమించు నూరు, నూటయిరువదియైదు సీసీలవి. అనగా చట్టము తెరచియుంచిన చిన్న తలుపు ముందర నేడు బండియే లేదు. బాలుడు పదునారవ యేట నేర్వదగిన దానిని నేర్చుటకు వీలు లేక, పదునాలుగవ యేటనే దొంగచాటుగ నేర్చుకొనుచున్నాడు.

బ్యాటరీ బండ్ల సంగతి వేరు. 250 వాట్లకు తక్కువ శక్తియు, గంటకు 25 కిలోమీటర్లకు తక్కువ వేగమును గలవానిని నిబంధనలు మోటారు వాహనములుగా నెంచవు. ఆ హద్దు దాటినదానికి రిజిస్ట్రేషను, లైసెన్సు రెండును కావలెను. అంగడివాని మాట నమ్మక కాగితములు చూచి కొనుడు.

న్యూజీలండు దేశమువారు 1987లో ఈ చిక్కునకు ఒక మార్గము కనుగొనిరి. లైసెన్సును ఒక్కమారుగా ఇయ్యక మెట్లుగా ఇచ్చిరి. మొదట అనుభవజ్ఞుడు ప్రక్కనుండగా నడుపుట, పిమ్మట ఒంటరిగా గాని రాత్రివేళ కాదు, స్నేహితుల నెక్కించుకొని కాదు, తుదకు పూర్తి లైసెన్సు. మన దేశమున లెర్నర్సు లైసెన్సు తీసికొన్న ముప్పది దినములకే పరీక్షకు పోవచ్చును. పదునెనిమిదేండ్ల వాడు ఆ పరీక్ష నెగ్గిన మరునాడే నడిరాత్రి జాతీయ రహదారిపై ముగ్గురు మిత్రులతో కారు నడుపవచ్చును. వయస్సు తగ్గింపవలెనని మేము కోరుట లేదు. మెట్లు కట్టవలెనని కోరుచున్నాము.

చట్టము మారువరకు మన చేతిలోని పనులు కొన్ని కలవు. ఎదుటి అంగళ్ళవారు పాఠశాల దుస్తులలో నున్న పిల్లల బండ్లను నిలుపనీయకుండుటకు ఒప్పుకొనిన సగము పని తీరును. ట్యూషను పంతుళ్ళు తెల్లవారుజాము తరగతులను ఆరు గంటలకు మార్చుకొనవచ్చును. బస్సు వేళను అరగంట ముందునకు జరుపుడని అధికారులకు అర్జీ పెట్టవలసియున్నది. సైకిలుపై వచ్చువారికి నీడ గల షెడ్డు లేదు, అదియును పాఠశాల కమిటీవారు యోచింపవలెను. జూనులో బడి తెరచిన మొదటి తలిదండ్రుల సభలోనే ఆ యర్జీపై సంతకములు తీసికొనిన, వానలు ముదురుటకు ముందే దానిని పంపవచ్చును.