చట్టం తలలు లెక్కపెడుతోంది, దుమ్ము లెక్కపెట్టదు

సోలాపూర్ పూర్వ భాగంలో ఏ పద్మశాలి ఇంటి తలుపు తట్టినా దాదాపు ఒకే కథ. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీ చాట ముందు. సెలవు మరునాడు షెడ్డులోకి వెళ్లిన రెండు మూడు గంటలకు ఆయనకు ఛాతీ బిగపట్టినట్టు ఉంటుంది. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. ఇంటికొచ్చాక టీవీ సౌండు పెంచమంటాడు, పిల్లలు తగ్గించమంటారు. ఆమెకు మెడ నుంచి నడుం దాకా లాగుడు, పొద్దున లేస్తే దగ్గు, సాయంత్రానికి కళ్ల మంట. ఇద్దరూ ఏదో ఒక రోజు దవాఖానాకు వెళ్తారు. దగ్గు మందు, నొప్పి గోలీలు, అవసరమైతే ఎక్స్‌రే. అన్నీ అడిగిన డాక్టరు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది: 'మీరేం పని చేస్తారు?'

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తి రోగాల మీద పుస్తకం రాస్తూ, రోగిని చూసే ప్రతి వైద్యుడూ ఈ మాట అడిగి తీరాలన్నాడు. ఆ పుస్తకంలో అవిసె, జనపనార ఏకేవాళ్ల దగ్గు గురించి ఉంది, పొగాకు పనివాళ్ల అవస్థల గురించీ ఉంది. అంటే మన ఇంట్లో భార్యాభర్తల పనులు రెండూ మూడు వందల ఏళ్ల కిందటే వైద్యం దృష్టికి వచ్చాయి. మన ఊరి దవాఖానా చీటీ మీదికి మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు ఈ సంగతి ఎత్తడానికి కారణం ఉంది. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. అందులో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్నీ, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టాన్నీ తనలో కలిపేసుకుంది. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం అని ప్రభుత్వం గట్టిగానే చెప్పింది. చెప్పిన మాటలు మంచివే. అవి ఏ గడప దాకా వస్తాయన్నదే అసలు ప్రశ్న.

ఎంతమంది ఉంటే ఫ్యాక్టరీ?

పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20. కరెంటు లేనిచోట 20 నుంచి 40కి పెరిగింది. కొన్ని రాష్ట్రాలు ఈ సవరణను ముందే చేసుకున్నాయి, ఇప్పుడది దేశమంతటికీ వచ్చింది. యజమాని పాటించాల్సిన సాధారణ బాధ్యతలు 10 మంది ఉన్న సంస్థ నుంచి మొదలవుతాయి. 10 కంటే తక్కువ ఉన్న షెడ్డు, ప్రభుత్వం దాన్ని ప్రమాదకరమైన పనిగా ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఈ కోడ్ కంటికి ఆనదు.

మన షెడ్డుల సంగతి మనకు తెలుసు. ఎనిమిది సాంచాలు, పన్నెండు సాంచాలు. రెండు పాళ్ల వాళ్లనూ కండెలు చుట్టేవాళ్లనూ కలిపినా పది దాటితే గొప్ప. దాటినచోట ఒకే కప్పు కింద అన్న పేరు మీద కొన్ని, తమ్ముడి పేరు మీద కొన్ని, వదిన పేరు మీద కొన్ని. సోలాపూర్‌లోనైనా భివండీలోనైనా ఇది ఎవరికీ చెప్పాల్సిన రహస్యం కాదు.

ఇక్కడ కాస్త వెనక్కి చూడాలి. సోలాపూర్‌లో జూనీ మిల్లు 1877లో మొదలైంది. ఆ తర్వాత వచ్చిన మిల్లుల్లో మన తాతముత్తాతలు చేరారు. మిల్లులో దుమ్ము ఇప్పటికంటే ఎక్కువే ఉండేది, కాకపోతే హాజరు పట్టీ ఉండేది, యూనియన్ ఉండేది, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. మిల్లులు మూతపడ్డాక నేత గల్లీల్లోకి వచ్చింది. దుమ్మూ చప్పుడూ దాని వెంటే వచ్చాయి, ఇన్‌స్పెక్టర్ రాలేదు. కొత్త కోడ్‌లో ఆయన పేరు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయింది. పేరు పెరిగినా ఎనిమిది సాంచాల షెడ్డుకు ఆయన దారి తెలుస్తుందని ఆశ పెట్టుకోవడం కష్టమే.

సోమవారం బిగువు, వినపడని పిల్లల మాటలు

ముందు దుమ్ము సంగతి. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అంటారు. దాని మొదటి గుర్తు పైన చెప్పిందే: సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగువు. ఇంగ్లండ్ మిల్లుల్లో దీన్ని సోమవారం జ్వరం అనేవారు. మొదట్లో ఒక్క రోజే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వారమంతా పాకుతుంది, చివరికి పని మానేసినా పోని ఆయాసంగా మిగులుతుంది. నిజం చెప్పాలంటే ఇది నూలు మిల్లుల బ్లోరూమ్, కార్డింగ్ విభాగాల్లో ఎక్కువ, నేత షెడ్డులో తక్కువ. కానీ కిటికీలు మూసేసిన షెడ్డులో నూలు పీచు, గంజి పొడి కలిసి పాతికేళ్లు పీలిస్తే తక్కువ అన్న మాటకు పెద్ద అర్థం ఉండదు. బీడీ పొగ తోడైతే చెప్పనక్కరలేదు.

దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాల్సిందే, అందులో వాదన లేదు. ఇరుకు ఇళ్లు, ఇరుకు షెడ్డులు ఉన్నచోట టీబీ భయం నిజమైనదే. చిక్కు ఎక్కడంటే, టీబీ కాదని తేలాక ఫైలు అక్కడితో మూతపడుతుంది. 'మరి ఇదేమిటి?' అని వెతికేవాళ్లు ఉండరు.

చప్పుడు సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే నొప్పి లేకుండా జరిగే నష్టం అది. మన నిబంధనల ప్రకారం 8 గంటల పాళీకి 90 డెసిబెల్స్ హద్దు. 95 అయితే 4 గంటలే, 100 అయితే 2 గంటలే. నాడె అటూ ఇటూ కొట్టుకునే పాత సాంచాల షెడ్డులో చప్పుడు ఈ హద్దును సులువుగా దాటుతుంది, పాళీ మాత్రం 12 గంటలు. పక్కన చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషికి అరిచి చెప్పాల్సి వస్తుంటే అక్కడ చెవికి ముప్పు ఉన్నట్టే లెక్క. వినికిడి మొదట పోయేది సన్నని శబ్దాల వైపు. ఆడవాళ్ల మాట, పిల్లల మాట, ఫోను మోత. అందుకే ఇంట్లో 'చెప్పిన మాట వినడు' అన్న తగవుగా అది బయటపడుతుంది. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. మిషను పెట్టుకుంటే కొంత సాయం, అంతే.

పత్తి దుమ్ము జబ్బు, చప్పుడు వల్ల చెవుడు రెండూ చట్టం గుర్తించిన వృత్తి రోగాల జాబితాలో ఉన్నాయి. పాత చట్టంలోనూ ఉన్నాయి, కొత్త కోడ్ మూడో షెడ్యూలులోనూ ఉన్నాయి. ఇలాంటి రోగిని చూసిన వైద్యుడు అధికారికి తెలియజేయాలని కూడా ఉంది. నష్టపరిహారం జాబితాలోనూ వీటికి చోటుంది. అయినా పరిహారం అందుకున్న సాంచా కార్మికుడిని మీ గల్లీలో ఒక్కరిని చూపించమంటే మీరు తడుముకుంటారు. కారణం వైద్యంలో లేదు. ఫలానా షెడ్డులో ఇన్నేళ్లు పనిచేశాడని చూపించే కాగితం లేకపోవడంలో ఉంది.

ఇల్లే కార్ఖానా

బీడీ పని ఇంకో దారిలో చట్టం నుంచి జారిపోతుంది. కుంభారీ దగ్గర బీడీ మహిళల కోసం పోరాడి సాధించుకున్న గోదూతాయి పరుళేకర్ కాలనీ పదివేల ఇళ్లది. ఆ పక్కనే రాయనగర్‌లో 2024 జనవరిలో ప్రధాని చేతుల మీదుగా 15 వేల ఇళ్లు ఇచ్చారు. నర్సయ్య ఆడం మాస్టారు నాయకత్వంలో ఏళ్ల తరబడి సాగిన ఆ పోరాటం చిన్నదేమీ కాదు. సొంత గోడలు, సొంత కప్పు ఎవరు కాదనగలరు? కానీ ఆ ఇంట్లోకి తునికాకు, తంబాకు కూడా వెళ్లాయి. వంట, పడక, పసిపిల్ల ఉయ్యాల, తంబాకు చాట అన్నీ ఆ గదుల్లోనే.

తంబాకు పొడి గాల్లోకి లేస్తుంది, నికోటిన్ చేతి చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. పొగ తాగని మనిషి ఒంట్లోకి అలా చేరుతుంది. వెయ్యికింత అని లెక్కగట్టే కూలి కాబట్టి నడుం వాల్చడం అంటే డబ్బు పోగొట్టుకోవడం. ఆకు కత్తిరించడానికి, కట్ట కట్టడానికి పిల్లల చేతులు సాయం పడతాయి. సొంత ఇంట్లో తన మీద ఆధారపడిన కుటుంబ సభ్యులతో కలిసి చేసుకునే బీడీ పనికి 1966 చట్టంలోనే మినహాయింపు ఉండేది, కొత్త కోడ్ దాన్ని కొనసాగించింది. కంపెనీ కార్మికురాలైతే ఈ మినహాయింపు వర్తించదు. అందుకే ఆమె కంపెనీ మనిషా, తనంతట తాను చుట్టి అమ్ముకునే మనిషా అన్న చిన్న తేడా మీద అంతా ఆధారపడి ఉంది. పేరు రిజిస్టరులో ఉందా, లాగ్‌బుక్ చేతికిచ్చారా అన్నది అందుకే ముఖ్యం. పైగా బీడీ కార్మికుల సంక్షేమ నిధికి డబ్బు తెచ్చిపెట్టిన సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది. అప్పటి నుంచి బీడీ దవాఖానాలకు బడ్జెట్‌లో ఎంత ఇస్తే అంతే.

మనవాడి మీద ఫిర్యాదా?

మన దగ్గర ఈ విషయం బయటికి రాకపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. యజమాని మనవాడే, కూలీ మనవాడే. ఒకే గుడి, ఒకే సంఘం, పెళ్లికి ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. పన్నెండు సాంచాల యజమాని కూడా రోజంతా ఆ దుమ్ములోనే తిరుగుతాడు, ఆయన చెవులూ పోయే ఉంటాయి. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలోని తువాళ్ల కార్ఖానాలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లలో కార్మికులే కాదు, అక్కడే కాపురముంటున్న యజమాని కుటుంబమూ ఉంది. పత్తి పీచు ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్మే కాదు, నిప్పురవ్వ పడితే అంటుకునే సరుకు కూడా. కాబట్టి దీన్ని యజమానికీ కూలీకీ మధ్య తగవుగా మాత్రమే చూడటం నాకు సరిగా అనిపించదు. అలాగని 'మనవాడు కదా, సర్దుకుపో' అన్న మాటను కూడా ఒప్పుకోలేం. ఆ సర్దుబాటు ఎప్పుడూ ఒకే వైపు నుంచి జరుగుతోంది.

ఖర్చు తక్కువ పనులు కొన్ని ఉన్నాయి. చీపురుతో, గాలి పైపుతో పీచును లేపడం మానేసి తడిపి తుడవడం. దూలాల మీద, సాంచాల కింద పేరుకున్న పీచును వారానికోసారి తీయడం. గాలి బయటికి పోయే ఫ్యాను పెట్టినప్పుడు లోపలికి గాలి వచ్చే దారి ఎదురు గోడకు ఉంచడం. చాలా షెడ్డుల్లో ఫ్యాను ఉంటుంది, దారి ఉండదు, ఫ్యాను ఉత్తినే తిరుగుతుంది. వదులైన బోల్టులు, అరిగిపోయిన పికర్లు మారిస్తే, సాంచా కాళ్ల కింద రబ్బరు మెత్తలు వేస్తే చప్పుడు కొంత తగ్గుతుంది. చెవి ప్లగ్గులు చవకే, వాటి కోసం కూలీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ముక్కుకు కట్టుకునే దస్తీ పెద్ద పీచును ఆపుతుంది, ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్న దుమ్మును ఆపదు. ఏది పెట్టినా మూతికీ చెవికీ కట్టుకునేది ఆఖరి మెట్టే. మొదట దుమ్ము లేవకుండా చూడాలి. ఇంట్లో అయితే తంబాకు మూత ఉన్న డబ్బాలో, పడక గదికి దూరంగా. పని గుమ్మం దగ్గరో వరండాలోనో. అన్నం ముందు, పిల్లను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం.

పెద్ద ఖర్చు ఎవరు పెట్టాలి? 2017లో భివండీలో ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో పాత సాంచాలను మెరుగుపరచడానికి, ఉమ్మడి షెడ్డులు కట్టడానికి సబ్సిడీ పెట్టారు. అలాంటి సొమ్ముకు చప్పుడు హద్దు, గాలి ఏర్పాటు అన్న షరతులు కలపమని యజమానుల సంఘాలూ కార్మిక సంఘాలూ కలిసి అడగొచ్చు. సామాజిక భద్రత కోడ్‌లో ఇంకో తలుపు ఉంది. ప్రమాదకరమైనదిగా కేంద్రం ప్రకటించిన పనిలో ఒక్క కార్మికుడున్నా ఈఎస్‌ఐ వర్తింపజేయవచ్చు. 10 కంటే తక్కువ ఉన్నచోట యజమాని, కార్మికుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరవచ్చు. మరమగ్గాల నేతను ఆ జాబితాలో పెట్టమన్న డిమాండు సోలాపూర్, భివండీ, సిరిసిల్ల నుంచి ఒకేసారి లేస్తే దానికి బరువు ఉంటుంది. మూడు చోట్లా ఉన్నది చుట్టాలే. తలల లెక్క ఈ బాధ సాంచాలకే పరిమితం కాదు. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చే మన తెలుగు పారిశుద్ధ్య కార్మికులకూ కాంట్రాక్టరు ఎంతమందిని చూపించాడన్న దాని మీదే రక్షణ ఆధారపడుతోంది.

మన సంఘాలు ఏటా కంటి శిబిరాలు, షుగర్ శిబిరాలు పెడుతున్నాయి. వాటిలో చెవి పరీక్ష, ఊపిరి పరీక్ష కలిపితే పెద్దగా భారం పడదు. ఊపిరి బలం కొలిచే పీక్ ఫ్లో మీటరు చిన్న ప్లాస్టిక్ గొట్టం. సెలవు మరునాడు పాళీకి ముందోసారి, పాళీ అయ్యాకోసారి, వారం చివర మరోసారి ఊది అంకెలు రాసుకుంటే సోమవారం బిగువు కాగితం మీదికి వస్తుంది. ఆ పుస్తకం మొదటి పేజీలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ గల్లీలో ఎవరి షెడ్డులో ఏ పని చేశారో, వెయ్యి బీడీల లెక్కన ఏ బ్రాంచికి ఇచ్చారో రాసుకోండి. మరాఠీలో రాస్తే ఇంకా మంచిది, రేపు దాన్ని చదవాల్సిన డాక్టరుకూ అధికారికీ తెలుగు రాదు.