ఇంటి కంప్యూటరులో దాగిన దొంగ

గత మాసమున మా చందాదారురాలొకరు వ్రాసిన జాబు మమ్ము మిగుల కలవరపెట్టినది. ఆమె ఈ-మెయిలును పరులెవరో తెఱచి చూచుచుండిరి. ఆమె వెంటనే పాస్‌వర్డు మార్చెను. మరునాడు మరల ఎవరో చొచ్చిరి. మరల మార్చెను. మూడవమారును అట్లే జరిగెను. “నేను మార్చుచుండగా ఎవరో నా వెనుక నిలిచి చూచుచున్నట్లున్నది. ఇది యెట్లు సాధ్యము?” అని ఆమె ప్రశ్న. ఆమె యూహ సత్యమునకు చాల చేరువగా నున్నది.

దూరముననున్న వాడొకడు మన కంప్యూటరును తన చేతిలో పెట్టుకొనుటకు రహస్యముగా చొప్పించు ప్రోగ్రామును రిమోట్ యాక్సెస్ ట్రోజన్ అందురు. కొయ్యగుఱ్ఱపు కడుపులో సైనికులను దాచి ట్రాయ్ నగరములోనికి పంపిన గ్రీకుల కథనుండి ట్రోజన్ అను పేరు వచ్చినది. ఆంగ్లమున మొదటి అక్షరములను కూర్చి దీనిని ర్యాట్, అనగా ఎలుక, అని పిలుతురు. మాకు మాత్రము గాదె క్రింద బొఱియ త్రవ్వుకొనిన పందికొక్కు అనుటయే తగియున్నట్లు తోచుచున్నది. అది చేరిన పిమ్మట ఆ దొంగ మన తెరను చూడగలడు, మనము నొక్కిన ప్రతి మీటను వ్రాసికొనగలడు, ఫొటోలను కాగితములను తీసికొనగలడు, కెమెరాను మైకును తెఱవగలడు. కావున అదే కంప్యూటరుపై కూర్చుండి పాస్‌వర్డు మార్చుట యనిన, తాళము మార్చి క్రొత్త తాళపుచెవిని దొంగచేతిలోనే పెట్టుట. మా చందాదారురాలు మూడుమార్లు చేసినది ఇదియే.

ఇట్టివి క్రొత్తవి కావు. నెట్‌బస్, బ్యాక్ ఆరిఫిస్ అనునవి 1998లోనే బయలుదేరినవి. ఇప్పుడు వీనిని ప్రయోగించుటకు పెద్ద విద్య అక్కఱలేదు. ఇమ్మినెంట్ మానిటర్ అను ప్రోగ్రాము సుమారు 25 డాలర్లకే దొరకెడిది. 2019లో ఆస్ట్రేలియా పోలీసులు ఇతర దేశములవారితో కూడి దానిని మూయించునప్పటికి, 124 దేశములలో 14,500 మందికి పైగా దానిని కొనియుండిరి. 2022లో ఆ పోలీసులు వెల్లడించిన సంగతి మా మనస్సును మిక్కిలి కలచినది. ఆస్ట్రేలియాలో పేపాల్ ద్వారా దానిని కొన్నవారిలో 14.2 శాతము మంది గృహహింస విషయమున న్యాయస్థానపు ఉత్తర్వులకు లోబడియున్నవారే. అమెరికాలో 2013లో మిస్ టీన్ యు.ఎస్.ఎ. కిరీటము పొందిన యువతిని అంతకు పూర్వమే ఆమె గది కెమెరానుండి రహస్యముగా చూచి బెదిరించినవాడు, ఆమె చదివిన బడిలోనే చదివినవాడు. వానికి 2014లో 18 నెలల కారాగారము విధింపబడినది. దొంగ ఏడు సముద్రముల కావల నుండవచ్చును. వంటయింటి గోడ కావలను ఉండవచ్చును.

ఇది లోనికి వచ్చు మార్గము తరచుగా మనము తెఱచిన తలుపే. మా చందాదారురాలి యింట కుమారుడు వెలగల ఆటనొకదానిని ఊరకయే దొరకినదని దింపుకొనెను. “నడచుటకు ముందు యాంటీవైరస్‌ను ఆపుడు” అని దానితో సూచన యుండగా, పాపము, ఆపెను. కావలివానిని నిద్రపుచ్చుమని కోరిన అతిథిని ఎవరైన లోనికి రానిత్తురా? అయినను పిల్లవానిని నిందింపము. పెద్దలును బిల్లు అను పేరుతో వచ్చిన ఫైలును ఇట్లే తెఱచుచున్నారు. విండోస్ సాధారణముగా ఫైలుపేరు చివరి తోకను దాచును. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో వ్యూ, షో అనువానిలోనికి పోయి “ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్” అనుదానిని తెఱచి యుంచినచో, పీడీఎఫ్ వలె కనబడుచు చివర ఇ.ఎక్స్.ఇ. అని యున్న వేషగాడు పట్టుబడును.

ఇక గుర్తించుట. మనము తాకకయే బాణపుగుర్తు కదలుట, ఎవరును వాడనప్పుడు కెమెరా దీపము వెలుగుట, యాంటీవైరస్ తనంతట తాను ఆగిపోవుట, ఎఱుగని చోటినుండి మన ఖాతాలోనికి ఎవరో వచ్చినట్లు కబురందుట, ఇవి అనుమానింపదగిన గుర్తులు. కంప్యూటరు మెల్లగా నడచుట మాత్రము సాక్ష్యము కాదు. అది ముసలితనము వలనను, దుమ్ము వలనను కలుగును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారిగా నొక్కిన టాస్క్ మేనేజర్ తెఱచుకొనును. అందు “స్టార్టప్ యాప్స్” అనుచోట, కంప్యూటరుతోపాటు మేల్కొను ప్రోగ్రాముల పేర్లుండును. ఎఱుగని పేరు కనబడినంతనే భయపడి తీసివేయరాదు. అది ప్రింటరుదో శబ్దయంత్రముదో కావచ్చును. నేర్పుగల దొంగ ఏ గుర్తును చూపకుండుటయు కలదు.

అనుమానము బలపడినపుడు మొదట చేయవలసినది ఇంటర్నెట్టును త్రెంచుట. వైఫైని ఆపి, తీగ యున్నచో ఊడదీయవలయును. దొంగకు దారి మూసికొనిపోవును. పిమ్మట నమ్మకమైన మఱియొక ఫోనునుండి పాస్‌వర్డులు మార్చవలయును. ముందు ఈ-మెయిలు, ఏలయన తక్కిన ఖాతాల తాళములన్నియు దానిగుండనే మారును, తరువాత బ్యాంకు. “అన్ని పరికరములనుండి సైన్ అవుట్” అనుదానిని నొక్కి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకొనవలయును. ఆ కంప్యూటరు బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులన్నియు పోయినవనియే యెంచవలెను. ధనము పోయియుండిన బ్యాంకునకును 1930 నంబరునకును వెంటనే ఫోను చేయవలయును. ఇందు గంటలును విలువైనవే.

ఆ పిమ్మటనే శుద్ధి. విండోస్ సెక్యూరిటీలో “మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్” అనునది కలదు. అది కంప్యూటరును మరల మొదలుపెట్టి, విండోస్ మేల్కొనకమునుపే వెదకును; సుమారు పావుగంట పట్టును. అయితే అది ఒక దొంగను పట్టినంతమాత్రమున వాడు తెచ్చిన తోడుదొంగలందఱును పోయినట్లు కాదు. కావున ఫొటోలను, ఉత్తరములను వేరొక డిస్కులోనికి తీసికొని, ప్రోగ్రాములను వేనిని తీసికొనక, అంతయు తుడిచి విండోస్‌ను క్రొత్తగా ఎక్కించుటయే మా సలహా. దానికి మైక్రోసాఫ్ట్ వారి సాధనముతో మఱియొక కంప్యూటరుపై సిద్ధపఱచిన 8 జీబీ పెన్‌డ్రైవు చాలును. తరువాత పిల్లలకు అధికారములేని వేరు ఖాతా నిచ్చుట మేలు.

ఒక్క సందర్భమున మాత్రము తొందరపడరాదు. దీనిని చొప్పించినవాడు భర్తయో, బంధువో, విడిచిపోయిన వాడో యని శంక యున్నచో, తుడిచివేసినంతనే సాక్ష్యము నశించును. వానికి సంగతి తెలిసి ఆగ్రహించుటయు జరుగును. అట్టివారు వాడు ముట్టని ఫోనునుండి 181 మహిళా సహాయ సంఖ్యకు ముందుగా మాటలాడవలయును. స్త్రీ ఇంటర్నెట్టును, ఈ-మెయిలును వాడుటను కనిపెట్టి చూచుట 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరము. ఇంటివాడు చేసినను నేరమే.

మా చందాదారురాలు తన ఆడపడుచు ఫోనునుండి పాస్‌వర్డులు మార్చి, మామగారి షష్టిపూర్తి ఫొటోలు డిస్కులోనికి తీసికొని, కంప్యూటరును పూర్తిగా తుడిపించెను. అయినను నిన్న మరల జాబు వ్రాసెను. మెయిలు సెట్టింగులలో ఫార్వర్డింగు అనుచోట ఎఱుగని చిరునామా యొకటి యుండెనట. వచ్చిన ప్రతి ఉత్తరపు నకలును అక్కడకు పోవుచుండెను. పాస్‌వర్డు మార్చినను అది చెదరదు. దానిని తీసివేసితినని వ్రాసినది. తక్కిన సోదరీమణులును ఆ చోటును ఒకసారి తెఱచి చూచుకొందురు గాక.